అత్తయ్యగారి వంటాట కోసం మెల్‌బోర్న్ దాకా

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చిన దగ్గర్నించీ మా కాకినాడలో కనబడ్డవాళ్ళందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. కంగారూని చూశారా అన్నది మొదటిది. చూశానండీ. రోడ్డు పక్క గడ్డిలో నిలబడి, బస్సు కోసం చూస్తున్న పెద్దమనిషిలా వచ్చేపోయే కార్లని చూస్తోంది. ఏం తెచ్చుకున్నారు అన్నది రెండోది. వీడియో గేమ్ తెచ్చుకున్నానని చెప్పగానే మొహాలు అదోలా పెట్టేస్తున్నారు. "అబ్బాయికా?" అంటారు. అబ్బాయికి కాదు. మా అత్తయ్యగారికి. సరే, దాపరికం దేనికి, నాక్కూడా.

అది చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నేను స్కూల్లో లెక్కల టీచర్ని. ఇంట్లో మావారు, నేను, డెబ్భై దాటిన మా అత్తయ్యగారు. మా అబ్బాయి ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్తూ తన పాత వీడియో గేమ్ టీవీకి తగిలించే వదిలేసి పోయాడు. అందులో ఒక ఆట ఉంది. ఒకే వంటింట్లో ఇద్దరు వంటవాళ్ళు. ఒకళ్ళు కూరలు తరగాలి, ఇంకొకళ్ళు పొయ్యి మీద పడెయ్యాలి, మాడకుండా దింపాలి, వడ్డించాలి, ఎంగిలి పళ్ళాలు కడగాలి. ఆలస్యమైతే తినడానికొచ్చినవాళ్ళు అలిగి లేచిపోతారు. ఓ ముసురు రోజున ఊసుపోక ఇద్దరం చెరో రిమోట్ పట్టుకుని కూచున్నాం. అంతే, ఆ రోజు నించి సాయంత్రం దీపం పెట్టగానే అత్తయ్యగారు, "అమ్మాయ్, హోటల్ తెరుద్దామా?" అనేవారు.

అసలు వంటింట్లో మా ఇద్దరికీ పడదు. పెళ్ళయిన దగ్గర్నించీ పడదు. నేను చింతపండు ఎక్కువేస్తానంటారు, ఆవిడ నూనె గుమ్మరిస్తారంటాను. ఆటలో మాత్రం గొడవే లేదు. నేను "అత్తయ్యా, ఉల్లిపాయ!" అంటే ఆవిడ తరిగి విసిరేవారు. ఇంట్లో నేను కాపరానికొచ్చాక ఒక్క చెంచా కడగని మనిషి, ఆటలో గిన్నెలన్నీ తనే కడిగేవారు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళకి అడ్డం రాకుండా పనిచేసేవాళ్ళం.

మొన్న వేసవిలో ఓల్టేజీ ఎక్కువై ఆ వీడియో గేమ్ డబ్బా కాలిపోయింది. బాగుచేసే కుర్రాడు దాని సామాను ఇప్పుడు రావట్లేదన్నాడు. మళ్ళీ మా ఇద్దరికీ మిగిలింది నిజం వంటిల్లే. వారం తిరక్కుండా సాంబారు దగ్గర మాటామాటా అనుకున్నాం. "కార్తీకమాసం రాగానే శైలజ దగ్గరికి పోతాను. ఇంక అక్కడే ఉంటాను. ఇక్కడ నాకేం పని?" అనేశారు. శైలజ మా ఆడపడుచు, విశాఖపట్నంలో ఉంటుంది. మావారు, "పోనీలే, కొన్నాళ్ళు నీకూ విశ్రాంతి" అన్నారు. విశ్రాంతి లేదూ పాడూ లేదూ. ఆవిడ వెళ్ళిపోతారంటే నాకు గుండెల్లో రాయి పడింది. ఆ మాట ఆవిడతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అదే సమయంలో మెల్‌బోర్న్‌లో మా మరిది కిరణ్ కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చిపడింది. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు అంతదూరం కూచోలేరు, మావారికి సెలవు దొరకలేదు. దసరా సెలవుల్లో ఇంటి తరఫున నన్ను పంపించారు. "డబ్బా అక్కడే కొను, అక్కడి సరుకు గట్టిది" అని అత్తయ్యగారే అన్నారు. వెళ్ళిపోతానన్న మనిషి డబ్బా ఎందుకడుగుతున్నారో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను మాత్రం ఆ డబ్బా తెస్తే ఆవిడ ఆగుతారని ఆశపెట్టుకుని విమానం ఎక్కాను.

ట్రుగనీనా

మా కిరణ్ ఇల్లున్న చోటు పేరు ట్రుగనీనా. మెల్‌బోర్న్‌కి పడమట వైపు. నిన్నగాక మొన్న కట్టినట్టుండే ఇళ్ళు, వాటి వెనకాల రైలుపెట్టెలంత పొడుగు గోడౌన్లు. వీధిలో మనిషి కనబడడు. మన దగ్గర ఇల్లు మారితే సాయంత్రానికల్లా పక్కింటావిడ వచ్చి మీదే ఊరు, మీ వాళ్ళెవరు అని ఆరా తీస్తుంది కదా. ఇక్కడ పక్కిల్లు కూడా విజయవాడ వాళ్ళదేనట. అయినా ఫోన్లో మెసేజ్ పెట్టకుండా వాళ్ళు రారు, వీళ్ళు వెళ్ళరు.

గృహప్రవేశం ముహూర్తం పంతులుగారు పెట్టింది కాదు, బ్యాంకు తాళాలిచ్చిన రోజుని బట్టి పంతులుగారు సర్దింది. హోమం ఇంట్లో చెయ్యకూడదట. పొగకి కప్పులో బిగించిన అలారం మోగుతుందని పెరట్లో చేశారు. అయినా మోగింది. హోమానికి కాదు, నా పోపుకి. ఎండుమిర్చి నాలుగు వేశానో లేదో, ఇల్లంతా కూత. మా తోడికోడలు స్వప్న తువ్వాలు పట్టుకుని కప్పుకింద విసురుతోంటే పంతులుగారు మంత్రం ఆపి, "అక్కయ్యగారూ, ఆ చిమ్నీ ఆన్ చేసి పోపు పెట్టాలండీ ఇక్కడ" అన్నారు. ఆయనకి ప్రతి ఇంట్లోనూ ఇదే అనుభవం కాబోలు.

గుప్పెడు కరివేపాకు మూడు డాలర్లన్నారు. మా పెరట్లో మొక్క గుర్తొచ్చింది. దాన్ని నేనెప్పుడూ అంత గౌరవంగా చూడలేదు సుమండీ.

మర్నాడు పొద్దున్న వాకింగ్‌కని బయల్దేరాను. మన కాకి తెల్ల చొక్కా వేసుకున్నట్టుండే పిట్ట ఒకటుంటుంది అక్కడ, మ్యాగ్‌పై అంటారు. అది గుడ్లు పెట్టే రోజులు. వెనకనించి రివ్వున వచ్చి నెత్తిమీద ఠపీమని కొట్టింది. నేను వీధిలో "ఓరి నాయనో" అని చీర కుచ్చెళ్ళు పట్టుకుని పరుగు. ఎదురుగా సైకిల్ మీద ఓ తెల్లాయన వస్తున్నాడు, హెల్మెట్ నిండా ముళ్ళపంది ముళ్ళలా ప్లాస్టిక్ తాళ్ళు నిలబెట్టుకున్నాడు. ఆగి, నా కళ్ళజోడు తలవెనక పెట్టుకోమన్నాడు. వెనక కూడా కళ్ళున్నాయనుకుని అది దగ్గరికి రాదట! ఆ తరవాత రోజూ అలాగే నడిచాను. వీధిలో ఒక్కరూ నవ్వలేదు, మరి వాళ్ళందరిదీ అదే వేషం.

క్లేటన్ దారిలో

మా స్కూల్లో తెలుగు టీచర్ గారి అమ్మాయి శ్రావ్య క్లేటన్‌లో చదువుకుంటోంది. ఆస్ట్రేలియా వెళ్తున్నానని తెలిసిన క్షణం నించీ నా సూట్‌కేస్ నాది కాకుండా పోయింది. ఒకరు పొడులు, ఒకరు జంతికలు, ఒకరు అల్లుడికి బనియన్లు. శ్రావ్యకి పూతరేకులు ఇవ్వడానికి ఊరికి ఆ చివర్నించి ఈ చివరికి రైల్లో బయల్దేరాను.

రైల్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మాట్లాడకుండా గంటసేపు కూచోవడం నావల్ల కాదు. ఎదురుగా నల్ల గౌను వేసుకున్న ఓ ముసలావిడ, తోపుడు సంచీ నిండా నిమ్మకాయలు. బాగున్నాయి అన్నట్టు చెయ్యి ఊపాను. అంతే, కట్ట తెగింది. గ్రీసు దేశం నించి పెళ్ళయిన కొత్తల్లో వచ్చిందట. ఆవిడ ఇంగ్లీషు నాకంటే అంతంతమాత్రం, అందుకని మాకు బాగా కుదిరింది. నేనెందుకొచ్చానో చెప్పాను. అత్తగారికి వీడియో గేమా అని ఒళ్ళు కదిలేలా నవ్వింది.

తర్వాత తన అత్తగారి సంగతి చెప్పింది. ముప్ఫై ఏళ్ళు ఒకే వంటింట్లో ఉన్నారట. రోజూ పోట్లాటే. ఉప్పు, నిమ్మరసం, అన్నిటికీ. "ఇప్పుడావిడ లేదు. నేను వండుతాను. ఎవరూ బాగాలేదనరు" అంది. ఆ మాటంటూ చెయ్యి గాల్లో తిప్పేసి, "తినబుద్ధి కాదు" అంది. నా చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టి ఓక్లీ స్టేషన్లో దిగిపోయింది. ఆవిడ దిగిపోయాక క్లేటన్ దాకా ఆ నిమ్మకాయలు చేతిలోనే పట్టుకుని కూచున్నాను.

శ్రావ్య వాళ్ళిల్లు అద్దె ఇల్లు, ఐదుగురు అమ్మాయిలు. గుమ్మంలోనే చెప్పుల కొట్టు. "ఆంటీ, సారీ, ఇల్లు మెస్సీగా ఉంది, ఎవ్రీబడీ హాజ్ ఎగ్జామ్స్. యూనికి వెళ్ళి ఇప్పుడే వచ్చాను, ఆర్వోకి షిఫ్ట్ ఉంది" అంది. యూని అంటే యూనివర్సిటీ. ఆర్వో అంటే మధ్యాహ్నమట, ఆఫ్టర్‌నూన్ అనడానికి ఆ దేశంలో తీరిక లేదు. ఎంతసేపూ షిఫ్టులే. అయినా పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసిపెట్టింది. తిన్న పళ్ళెం నేను కడగబోతే, "నో ఆంటీ, ఇవాళ డిషెస్ హారికవి, మీరు కడిగితే అది రేపు కూడా ఎవరో కడుగుతారనుకుంటుంది" అని లాక్కుంది. ఐదుగురు అమ్మాయిల ఇంట్లో కూడా అంట్లే అసలు తగువన్నమాట.

నేను కొనబోయేదాని గురించి శ్రావ్య రెండు ముక్కలు చెప్పింది. డిస్కు పెట్టే చోటున్నదే కొనమంది, లేనిది కొంటే అన్నీ ఇంటర్నెట్లోంచి దింపుకోవాలి. పెట్టెలో రిమోట్ ఒక్కటే ఇస్తారు, రెండోది విడిగా కొనుక్కోవాలి. "ఇద్దరాడే ఆట కదా ఆంటీ, ఒక్కటే పట్టుకెళ్తే ఇంట్లో వరల్డ్ వార్" అంది. దానికేం తెలుసు, మా ఇంట్లో అది ఎప్పుడో మొదలైందని.

శనివారం, దుకాణంలో

ట్రుగనీనాలో కారు లేనివాళ్ళకి కాళ్ళు లేనట్టే. కిరణ్‌కి సెలవు శనివారం. నా విమానం ఆదివారం సాయంత్రం. కాబట్టి శనివారమే దుకాణానికి బయల్దేరాం. దారిలో ఓ ఇనప సామాన్ల షాపు ముందు రొట్టెలో సాసేజ్ పెట్టి అమ్ముతున్నారు, ఏదో స్కూలు చందాల కోసమట. మేస్త్రీలు, డాక్టర్లు, అందరూ ఒకే లైన్లో. నేను మాంసం తిననని చెప్తే, ఆ అమ్మే పెద్దాయన ఏమాత్రం ఆశ్చర్యపోకుండా రొట్టెలో వేపిన ఉల్లిపాయలు మాత్రం నింపి, సాస్ పోసి ఇచ్చాడు. ఎంత బాగుందో! వేపుడు చెయ్యడం ఆ దేశానికి కూడా వచ్చు.

ఎలక్ట్రానిక్ దుకాణం మన ఫంక్షన్ హాలంత ఉంది. గేముల దగ్గర నిలబడ్డాయన పేరు గ్రెగ్, నెరిసిన గడ్డం, రెండు చేతుల నిండా పచ్చబొట్లు. ఓపిగ్గా అన్నీ చూపించాడు. మా వంటాట కొత్త డబ్బాకి కూడా ఉందన్నాడు. డబ్బా తిప్పి చూస్తే చైనాలో తయారైందని రాసుంది. అక్కడి సరుకు గట్టిదన్న అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పకూడదనుకున్నాను. బిల్లు కట్టే లైన్లో నిలబడ్డాం. ఆ రోజుతో సేల్ ఆఖరట, లైను పెద్దదే.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. అత్తయ్యగారు, వీడియో కాల్. ఆవిడ ఫోన్ పట్టుకుంటే మనకి ఎప్పుడూ సీలింగ్ ఫ్యానే కనబడుతుంది. ఫ్యాను వంక చూస్తూ మాట్లాడాను.

"అమ్మాయ్, నువ్వు సోమవారం వస్తున్నావు కదా. శైలజ మంగళవారం కారేసుకుని వస్తానంది. కార్తీకం దాకా ఎందుకు, ఇప్పుడే వచ్చెయ్యమంటోంది. నా బట్టలు సర్దేసుకున్నాను. ఆ డబ్బా ఏదో తేకు. ఇంక నాకెందుకది?"

నా చేతిలో డబ్బా అలాగే ఉంది. వెనక లైన్లో జనం. కిరణ్ పక్కన నిలబడి విననట్టు నటిస్తున్నాడు. నాకెక్కడినించి వచ్చిందో అంత కోపం.

"మీకోసం అని ఎవరన్నారు?" అన్నాను. "నాకోసం కొనుక్కుంటున్నాను. కానీ ఒక్కదాన్నే ఎలా ఆడను అత్తయ్యా? ఉల్లిపాయలు ఎవరు తరుగుతారు? ఒక్కళ్ళకి ఆ వంట అవుతుందా? స్కూల్నించి వచ్చి నేనెవరితో మాట్లాడను? మీ అబ్బాయి న్యూస్ పెట్టుకుని కూచుంటారు. మీరు వెళ్ళొద్దు. నాకు బాగుండదు. నా సాంబారుకి వంక పెట్టేవాళ్ళు లేకపోతే నాకు తినబుద్ధి కాదు."

అంతా తెలుగులోనే, అంత పెద్ద గొంతుతోనే. లైన్లో నా ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఫ్యాను తిరుగుతోంది.

చివరికి అత్తయ్యగారు, "ఇవాళ ఏం వారం?" అన్నారు.

"శనివారం."

"శనివారం పూట ఇనుము ఇంటికి తెచ్చుకుంటారా ఎవరైనా? చదువుకున్నదానివి, బుద్ధుందా?" అని టప్పున ఫోన్ పెట్టేశారు.

శనివారం ఇనుప వస్తువు కొనకూడదని మా అత్తయ్యగారి పట్టింపు. చీపురు దగ్గర్నించి ఫ్రిజ్జు దాకా ఏ వస్తువైనా ముందు వారం చూసుకునే మా ఇంట్లోకి వస్తుంది. నేనక్కడే నిలబడి ఆలోచించాను. రేపో ఎల్లుండో వెళ్ళిపోయే మనిషికి ఈ ఇంట్లోకి వచ్చే వస్తువు ఏ వారం కొంటే ఏం? కీడొస్తే మాకొస్తుంది, ఆవిడకేం? కొనొద్దన్న మనిషి శనివారం కొనొద్దంటున్నారు. అంటే వేరే రోజు కొనమనేగా! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"కిరణ్, ఇవాళ కొనను" అన్నాను.

"వదినా! సేల్ ఇవాళే లాస్ట్. ఇట్స్ ప్లాస్టిక్, వదినా, ప్లాస్టిక్! ఇందులో ఇనుమెక్కడుంది?"

నేను గ్రెగ్ దగ్గరికి వెళ్ళి, ఈ డబ్బాలో ఇనుముందా అని అడిగాను. ఆయన ఉద్యోగంలో ఆ ప్రశ్న ఎవరూ అడిగుండరు. గడ్డం గోక్కుని, లోపల స్క్రూలుంటాయి, అవి ఇనుమే అయ్యుండొచ్చు అన్నాడు. చూశావా అన్నట్టు కిరణ్‌కేసి చూశాను. వాడు తల పట్టుకున్నాడు.

నేను గ్రెగ్‌కి విషయం చెప్పాను. మా అత్తగారు, శనివారం, ఇనుము. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వాళ్ళ నాయనమ్మ కొత్త చెప్పుల పెట్టె బల్లమీద పెట్టనిచ్చేది కాదట, ఇంటికి అరిష్టమని. "ఇప్పటికీ నేను పెట్టను. నమ్ముతానని కాదు, ఆవిడ చూస్తున్నట్టుంటుంది" అన్నాడు. డబ్బా తీసుకుని, దాని మీద నా పేరు రాసి, కౌంటర్ వెనకాల పెట్టాడు. రేపు పొద్దున్న తెరవగానే రండి, దాచి ఉంచుతాను, కానీ సేల్ ధర ఉంచడం నా చేతిలో లేదు అన్నాడు. నో వర్రీస్ అన్నాను. ఆ మాట అక్కడ నేర్చుకున్నాను, ఎక్కడైనా సరిపోతుంది.

ఆదివారం

శనివారం రాత్రంతా కిరణ్ నాతో ముభావంగానే ఉన్నాడు. స్వప్న మాత్రం మజ్జిగపులుసు వడ్డిస్తూ చెవిలో, "అక్కా, అత్తయ్యగారితో అలా మాట్లాడడం నావల్ల ఈ జన్మకి కాదు" అంది. నావల్ల కూడా అదే మొదటిసారి అని చెప్పాను.

ఆదివారం పొద్దున్న లేస్తే వాన. మెల్‌బోర్న్‌లో ఒక్క పూటలోనే ఎండ, వాన, చలిగాలి, మళ్ళీ ఎండ. చేతిలో గొడుగు, ఒంటి మీద స్వెట్టర్, తలవెనక కళ్ళజోడు. ఆ అవతారంతో దుకాణం తలుపు తెరిచేసరికి గుమ్మంలో ఉన్నాను. గ్రెగ్ ఆదివారం రాడట. నా పేరు చెప్పాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి కిందకి వంగి వెతికింది. డబ్బా పైకి తీసింది. దాని మీద నా పేరు, ఆ కింద పెద్దక్షరాలతో, ఆదివారం వరకూ ఎవరికీ అమ్మవద్దు, అత్తగారి ఆజ్ఞ అని ఇంగ్లీషులో రాసుంది. ఆ అమ్మాయి నన్ను పైకీ కిందకీ చూసి, ఆ అత్తగారు మీరేనా అని అడిగింది. ఎంతమాట! నాకింకా యాభై నిండలేదు.

ధర ఎంత పెరిగిందో ఇక్కడ రాయను. మావారు ఇది చదువుతారు.

రెండో రిమోట్ కోసం నేను పర్సు తీస్తుంటే కిరణ్ అడ్డం వచ్చాడు. నీలం రంగుది ఏరి తెచ్చి, తన కార్డు పెట్టాడు. "అమ్మది ఇది. నేను కొన్నానని చెప్పు" అన్నాడు. తర్వాత పార్కింగ్‌లో కారు తలుపు తీస్తూ, "నిన్న నువ్వు అమ్మతో మాట్లాడింది విన్నాను వదినా. నేను ఫోన్ చేస్తే 'తిన్నావా, మందులేసుకున్నావా' దాటి ఒక్క ముక్క రాదు" అన్నాడు. ఆ వంటాట దూరాన్నించి కూడా కలిసి ఆడొచ్చట, ఇంటర్నెట్లో. అయితే నువ్వూ ఒకటి కొనుక్కో, గిన్నెలు కడిగేవాళ్ళు మాకెప్పుడూ తక్కువే అన్నాను.

శంషాబాద్

డబ్బాని విమానంలో చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు, పైన అరలో పెట్టించారు. తలుపు తీసినప్పుడల్లా నేను లేచి చూశాను. పక్కనున్న వరంగల్ అబ్బాయి, "గంత భయమెందుకాంటీ, ఏం కాదు" అని నాలుగుసార్లు చెప్పి, ఐదోసారి నిద్రపోయినట్టు కళ్ళు మూసుకున్నాడు.

హైదరాబాద్‌లో కస్టమ్స్ ఆఫీసర్ ఆపి, ఎవరికమ్మా ఇది అన్నాడు. మా అత్తగారికండీ అన్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "ఏం ఆడతారు ఆవిడ?" అన్నాడు. "వంట చేస్తారండి. ఆటలో." బిల్లు చూశాడు, నా మొహం చూశాడు, వెళ్ళమన్నాడు. నాలుగడుగులు వేశాక వెనకనించి, "ఏమ్మా, ఇంట్లో చెయ్యరా?" అని వినబడింది. సమాధానం చెప్పడం మొదలెడితే కాకినాడ రైలు వెళ్ళిపోయేది.

కాకినాడ

గుమ్మంలోకి రాగానే నేను చూసింది అత్తయ్యగారి మొహం కాదు, ఆవిడ మంచం పక్కన నీలం సూట్‌కేస్. మూత వేసే ఉంది. ఆవిడేమీ ఎరగనట్టు, "ఏమిటే అలా చిక్కిపోయావు, అక్కడ అన్నం పెట్టలేదా" అన్నారు. ఫోన్లో మాట్లాడిన సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

డబ్బా విప్పాం. ఆవిడ పసుపూ కుంకుమా తెచ్చి దాని నొసట బొట్టు పెట్టారు. అక్షతలు వెయ్యబోతుంటే గబుక్కున రెండు చేతులూ అడ్డం పెట్టాను, పైన గాలి ఆడే కన్నాలున్నాయి మరి. అక్షతలన్నీ నా చేతుల మీద పడ్డాయి. "పోన్లే, నీకే పడ్డాయి" అన్నారు.

వైరు చూస్తే దాని పిన్నులు ఏటవాలుగా ఉన్నాయి, మన గోడ ప్లగ్గులో దూరవు. అక్కడ కిరణ్ చెప్పనే చెప్పాడు, కరెంటు ఒకటే, పిన్నులే వేరు, ఎడాప్టర్ కొనుక్కోమని. నేను మర్చిపోయాను. మావారు స్కూటరేసుకుని ఎడాప్టరుకి, దాంతోపాటు ఓల్టేజీ స్టెబిలైజరుకి పరిగెత్తారు. ఆయన వచ్చేదాకా అత్తాకోడళ్ళం వెలగని టీవీ ముందు చెరో రిమోట్ పట్టుకుని కూచున్నాం. నీలం రిమోట్ కిరణ్ కొన్నాడని చెప్పాను. ఆవిడ దాన్ని చీరచెంగుతో తుడిచి, మళ్ళీ తుడిచారు.

ఆట మొదలైంది. పాత డబ్బాలో మేం గెలుచుకున్న నక్షత్రాలు ఒక్కటీ లేవు. మొదటి హోటల్, మొదటి సూపు. అత్తయ్యగారు ఇన్ని నెలల్లో అన్నీ మర్చిపోయుంటారనుకున్నాను. ఎక్కడ! ఉల్లిపాయలు తరగడం, విసరడం, అన్నీ గుర్తే. నేనే రెండు సూపులు మాడ్చాను. "అక్కడ తిరిగొచ్చి చెయ్యి పాడుచేసుకున్నావు" అన్నారు.

సరిగ్గా ఎంగిలి పళ్ళాలు గుట్టపడ్డప్పుడు సోఫాలో ఆవిడ ఫోన్ మోగింది. శైలజ. ఆవిడ రెండు చేతులూ ఖాళీ లేవు. "నువ్వు మాట్లాడు" అన్నారు. నేను ఎడమచేత్తో ఫోన్ తీసి స్పీకర్ నొక్కాను.

"వదినా, వచ్చేశావా? రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. అమ్మ సర్దుకుందా?"

నేను అత్తయ్యగారి వంక చూశాను. ఆవిడ చూపు టీవీ మీదే ఉంది. బొటనవేలు టకటకా గిన్నెలు కడుగుతోంది. ఏం చెప్పమంటారో తెలీలేదు. తల అడ్డంగా ఊపారు. చిన్నగా, ఒక్కసారి.

"అత్తయ్యగారు రారట, శైలజా" అన్నాను.

"రారట ఏమిటి?" అన్నారు అత్తయ్యగారు నావైపు తిరక్కుండానే. "మేం పంపం అని చెప్పు."

నాకు కళ్ళు మసకబారాయి. టీవీలో నా పొయ్యి మీద ఏదో అంటుకుని మంట లేచింది.

"మేం పంపం, శైలజా" అన్నాను.

అత్తయ్యగారు కడిగిన పళ్ళెం నాకేసి తోసి, "గట్టిగా చెప్పు. దానికి వినపడ్డట్టు లేదు" అన్నారు.